పదునాఱవ యేడు

చాణక్యుని పేర ప్రచారములో నున్న నీతిశ్లోకములలో ఒకటి మన యిండ్లలో మిక్కిలి ప్రసిద్ధము. బిడ్డను అయిదేండ్లు లాలింపవలెననియు, పిమ్మట పదియేండ్లు దండింపవలెననియు, పదునాఱవ యేడు వచ్చినంతనే మిత్రునివలె చూడవలెననియు దాని తాత్పర్యము. నేను సంస్కృతమును ఆంగ్లమును చదివి బడిపంతులనైన వాడను. ఈ శ్లోకమును పలుమాఱులు పాఠము చెప్పితిని. అంతకన్న పలుమాఱులు ఇతరుల నోట వింటిని. బడిలో తలిదండ్రుల సమావేశము జరిగినప్పుడెల్ల ఎవరో యొకరు దీనిని జ్ఞప్తికి తెత్తురు. కాని వినవచ్చునది ఎప్పుడును నడిమి మాటయే. “కొట్టకుంటె చదువెట్లొస్తది సారూ, శాస్త్రంలనే ఉన్నది గద” యందురు. మొదటి మాటను తల్లులు ఎవరును చెప్పకయే ఆచరింతురు. మూడవ మాట తమ యింట అమలులో నున్నదని చెప్పినవారు నాకు మిక్కిలి అరుదుగా కనబడిరి. మూడు కాలములు గల శ్లోకమును మనము రెండు కాలములతో ముగించితిమి. మనము విడిచిన ఆ మూడవ కాలమే బిడ్డ శేషజీవితమును మలచునని నా నమ్మకము. ఆ నమ్మకమునకు ఆధారములేవో చదువరుల ముందుంచుటకే ఈ వ్యాసము.

నడిమి మాటను గూర్చి యెక్కువ చెప్పనవసరము లేదు. బడిలో బాలుని కొట్టుటయు, మనసు నొప్పించి వేధించుటయు 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ ప్రకరణముచే నిషిద్ధములు. అయినను చట్టము వేఱు, అలవాటు వేఱు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆధ్వర్యమున 2002 నుండి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ‘యంగ్ లైవ్స్’ అను పరిశోధన సాగినది. శ్రీకాకుళము మొదలు అనంతపురము వఱకు, మనకు ఇరుగుపొరుగైన కరీంనగరము, మహబూబునగరములతో సహా, ఎన్నో పల్లెలలోను పట్టణములలోను సుమారు 3,000 మంది బిడ్డలను ఏండ్ల తరబడి వెంటాడి చూచిన పని యది. అందు 2009 ప్రాంతమున ఎనిమిదేండ్ల బిడ్డల నడుగగా, గడచిన వారములోనే బడిలో దెబ్బలు తింటిమని చెప్పినవారు నూటికి 70 మందికి పైగా నుండిరి. కావున రెండవ కాలమును మనము లోపము లేకుండ జరుపుచున్నామనుటలో సందేహము లేదు! చింతింపవలసినది మూడవదానిని గుఱించియే.

మా కొండపాక ప్రాంతపు వెనుకటి సేద్యగాండ్రలో పెక్కుమందికి ఈ శ్లోకము తెలియదు. కాని దాని మూడవ మాటను వారు తమకు తెలియకయే పాటించిరి. గొడ్లను పరుల చేనిలోనికి పోనిచ్చినందుకు పదేండ్ల పిల్లవాని వీపు పగులగొట్టిన తండ్రియే, వానికి పదునైదు పదునాఱేండ్లు వచ్చునప్పటికి వాని చేతికి నాగలి మేడి నిచ్చెడివాడు. రాత్రి మడికి నీరు కట్టుట వాని వంతయ్యెడిది. అంగడికి ఎడ్లను తోలుకొనిపోయి బేరమాడి వచ్చుట వాని పని యయ్యెడిది. ఒకనాటి మాపటివేళ అరుగుమీద కూర్చుండి తండ్రి కొడుకు నడిగెడివాడు: “ఈ యేడు ఏం పెడ్దాం ర, మక్కలా, పత్తా?” ఆ ప్రశ్నయే మిత్రత్వము. ఆ నాటినుండి నలుగురిలో వానిపై చేయి యెత్తుట యుండెడిది కాదు. ఆ కాలమును నేను పొగడుట లేదు. అదే యింటి ఆడుబిడ్డకు ఆ యీడు రాకమునుపే పెండ్లి చేసి పంపిరి. ఆ కొడుకునకు బడి యెఱుకయే లేకుండెను. అయినను పదునాఱేండ్ల వానికి ఒక నిజమైన పని, ఒక నిజమైన మాట కావలెనను సంగతి వారికి తెలిసియుండెను.

నేటి సంగతి వేఱు. చదువుకొన్న తండ్రి కొడుకుపై చేయి యెత్తడు, ఇది మేలే. కాని వాని చేతికి ఏమియు ఈయడు. ఎంపీసీయో బైపీసీయో తండ్రి నిర్ణయించును. కళాశాలను తండ్రి నిర్ణయించును. హాస్టలును తండ్రి నిర్ణయించును. శ్లోకము మిత్రత్వము నాజ్ఞాపించిన ఆ యేటనే, సరిగా పదవ తరగతి ముగిసిన ఆ వేసవిలోనే, మనము బిడ్డను పెట్టెతో పరుపుతో రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాదు చేర్చి, గంటగంటకు గంట మ్రోగు చోట అప్పగించి వత్తుము. బాల్యమున లేనంత కట్టడి యౌవనారంభమున వానికి లభించును. వారమున కొక్కసారి ఫోనులో మాటలాడు తండ్రి మొదటి ప్రశ్న “ఎన్ని మార్కు లొచ్చినయ్?” అనునది, తరచుగా కడపటి ప్రశ్నయు నదియే.

పొలము పోయిన యిండ్లలో ఈ చిక్కు మఱింత గట్టిది. మా మండలములోని ఎఱ్ఱవల్లి, సింగారము గ్రామములు మల్లన్నసాగర జలాశయము క్రింద పోయినవి. 50 టీఎంసీల ఆ జలాశయము 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. అట్టి యూళ్ల కుటుంబములు గజ్వేలు చెంత కాలనీలలో కొత్తగా కాపుర ముండవలసి వచ్చినవి. నీరు రావలసినదే, కాదనను. కాని భూమి పోయిన తండ్రికి కొడుకు చేతిలో పెట్టుటకు మేడి లేదు. పరిహారపు రొక్క ముండవచ్చును. రొక్కమును అప్పగించుట వేఱు, పనిని అప్పగించుట వేఱు. రొక్కము చేతికి వచ్చిన కొడుకు బండి కొనును. పని చేతికి వచ్చిన కొడుకు మనిషి యగును.

ఈ విషయమును పాశ్చాత్యులు కొలతలతో పరీక్షించిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బర్క్లీలో డయానా బౌమ్రిండ్ అను మనశ్శాస్త్రవేత్త 1960 దశకమున శిశుపాఠశాలల పిల్లలను, వారి తలిదండ్రులను దగ్గఱనుండి చూచి, పెంపకమున మూడు తెఱగులు కలవని చెప్పినది. 1983లో మాకోబీ, మార్టిన్ అను నిద్దఱు దీనిని సవరించి నాలుగు చేసిరి. వారి లెక్క రెండు ప్రశ్నలపై నిలిచినది: ఇంటిలో ఆదరమున్నదా? ఇంటిలో కట్టుబాటున్నదా? కట్టుబాటుండి ఆదరము కొఱవడిన యిల్లు నిరంకుశము. ఆదరముండి కట్టుబాటు లేని యిల్లు గారాబము. రెండును లేనిది ఉపేక్ష. రెండును కలిగి, నియమమునకు కారణము చెప్పుచు, బిడ్డ మాటకు చెవి నిచ్చు యిల్లు నాలుగవది. దీనిని సయుక్తిక పాలనమందము.

పురాణములు చదివినవారికి ఈ విభాగము కొత్త కాదు. నిరంకుశునకు హిరణ్యకశిపుడు చాలును. అతడు ప్రహ్లాదుని ద్వేషించి పెంచినవాడు కాడు; మన బమ్మెర పోతన భాగవతమున అతడు కొడుకును తొడపై కూర్చుండబెట్టుకొని, నీవు నేర్చిన దేదో చెప్పుమని ముద్దుగా నడిగినవాడే. తన మాటకు వేఱైన మాట కొడుకు నోట వచ్చినపుడే ఆ ముద్దు కఱకుదనమైనది. గారాబమునకు ధృతరాష్ట్రుడు. అతనికి కొడుకు చేయునది తప్పని తెలియును, విదురుడు చెప్పగా వినును, రాత్రులు నిద్ర పట్టదు. అయినను వలదని గట్టిగా చెప్పలేడు. నాలుగవదానికి ఛాందోగ్యోపనిషత్తులోని ఉద్దాలకుని మించినవాడు లేడు. అతని కొడుకు శ్వేతకేతువు పండ్రెండేండ్ల వయసున గురుకులమునకు పోయి, ఇరువది నాలుగేండ్ల వయసున వేదములన్నియు చదివి, మిక్కిలి గర్వముతో తిరిగివచ్చెను. మనమైన నేమందుము? “పెద్దచదువు చదివినవని మిడిసిపడుచున్నావా” యని తగులుకొందుము. ఉద్దాలకుడు కొడుకు గర్వమును చూడనట్లు నటింపలేదు, దానికై వానిని అవమానింపనులేదు. ఒక ప్రశ్న వేసెను. కొడుకు తనకు తెలియదని యొప్పుకొనగా, మఱ్ఱిపండు తెమ్మనెను, పగులగొట్టుమనెను, గింజను పగులగొట్టుమనెను, లోపల నేమి కనబడుచున్నదని యడిగెను. నీటిలో ఉప్పు వేయించి మఱునాడు రుచి చూపించెను. ఇరువది నాలుగేండ్ల కొడుకు, మఱల చెప్పుమని, తండ్రిని తానే వేడుకొనెను. వయసు వచ్చిన బిడ్డకు చెప్పుట యెట్లో ఇంతకన్న చక్కని పాఠము నేను చదువలేదు.

ఇక కౌమారమున ఈ నాలుగు తెఱగుల ఫలమేమి? 1991లో అమెరికాలోని విస్కాన్సిన్, కాలిఫోర్నియా రాష్ట్రములలో 14 మొదలు 18 ఏండ్ల వయసు గల సుమారు 4,100 మంది విద్యార్థులపై స్టైన్‌బర్గ్ మొదలగువారు జరిపిన పరిశోధన ప్రకటింపబడినది. సయుక్తిక పాలనమున పెరిగినవారు ఆత్మవిశ్వాసమునను, చదువునను, నడతయందును మేలుగా నుండిరి. ఉపేక్షకు గురియైనవారు అన్నింట వెనుకబడిరి. ఇంతవఱకు ఎవరైనను ఊహింపగలదే. గమనింపదగినది నడిమి రెండు తెఱగుల సంగతి. నిరంకుశమైన యిండ్ల పిల్లలు చెప్పినట్లు వినిరి, బడిలో అల్లరి చేయలేదు, మార్కులలో మఱీ తీసిపోలేదు. కాని తమపై తమకు నమ్మకము తక్కువ. గారాబపు పిల్లలకు తమపై నమ్మకము నిండుగా నున్నది. కాని మత్తుపదార్థముల జోలికి పోవుట, బడి యెగగొట్టుట వారిలో హెచ్చు. ఏడాది తరువాత మఱల చూడగా ఈ భేదములు తగ్గలేదు; కొన్ని పెరిగినవి. అనగా నిరంకుశుడైన తండ్రికి తన పద్ధతి ఫలించినట్లే కనబడును. మార్కుల పట్టిక అతనికి సాక్ష్యమిచ్చును. ఏమి కొఱవడినదో ఆ పట్టికలో నుండదు.

తరువాతి పరిశోధకులు మఱియొక సూక్ష్మమును తేల్చిరి. నా దృష్టిలో అన్నింటికన్న ముఖ్యమైనది అదియే. బిడ్డ నడతను అదుపులో నుంచుట వేఱు, బిడ్డ మనసును అదుపులో నుంచుట వేఱు. “రాత్రి తొమ్మిది గంటల లోపల ఇంటికి రావలెను” అనుట నడతపై అదుపు. “మేము రక్తము ధారపోసి చదివించుచుంటిమి, నీకు సిగ్గు లేదా” యనుట మనసుపై అదుపు. మొదటిదానిని బిడ్డ పాటించును, లేదా వాదించును; రెండవదానికి వాదము లేదు, అపరాధభావ మొక్కటే కలదు. తప్పు చేసిన బిడ్డతో దినముల తరబడి మాటలాడకుండుట, వాని డైరీని, ఫోనును దొంగచాటుగా చదువుట, ప్రక్కింటి బిడ్డతో నలుగురిలో పోల్చుట, తన యిష్టము బిడ్డ యిష్టమైనట్లే మాటలాడుట, ఇవన్నియు ఈ జాతిలోనివే. పదవ తరగతి చదువు నొక బాలిక పరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన వారమునకు నా యొద్దకు వచ్చి నిలుచుండెను. ఇంటిలో కొట్టిరా యని యడిగితిని. “కొట్టలేదు సార్. కొట్టినా మంచిగుండు. మా బాపు మాట్లాడుత లేడు” అనెను. కొట్టని తండ్రులు తమ సౌమ్యతను మెచ్చుకొనుటకు ముందు ఈ మాటను వినవలెను. దెబ్బ ఒక గడియలో చల్లారును. మౌనమునకు బిడ్డ తన తలలో తానే అర్థములు కల్పించుకొనును.

ఈ మనసుపై అదుపు ఎంతకాలము వెంటాడునో తెలియుటకు బ్రిటిషువారి యొక పరిశోధన తోడ్పడును. 1946 మార్చిలో ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండులలో పుట్టిన 5,362 మంది శిశువులను నాటినుండి జీవితాంతము గమనించుచు వచ్చిరి. వారి కౌమారమున ఉపాధ్యాయులు వారి మనఃస్థితిని వ్రాసియుంచిరి. నడివయసునను, అరువదేండ్లు దాటిన పిమ్మటను వారినే యడిగిరి. తలిదండ్రుల ఆదరమును పొందితిమన్నవారు ఆ యన్ని దశలలోను ఎక్కువ సంతుష్టులు. తమ నిర్ణయములను తమను చేసికొననీయక, తమ ఏకాంతమును గౌరవింపక, తమపై ఆధారపడునట్లు పెంచినారని చెప్పినవారు అరువదేండ్లు దాటిన పిమ్మట కూడ తక్కువ సంతుష్టులు. ఇటీవల ఆప్తుని పోగొట్టుకొన్నవారి కుందు ఎంతో, ఆ లోటు సుమారు అంత యని లండనులోని పరిశోధకులు 2015లో తెలిపిరి. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము 1938లో మొదలిడిన పరిశోధన నుండి 2016లో వెలువడిన వ్యాసము మఱొకటి కలదు. బాల్యమున ఆదరము గల యింట పెరిగిన పురుషులు, అరువదేండ్లకు పైగా గడచిన పిమ్మట, తమ భార్యలతో ఎక్కువ నెమ్మది గల బంధము కలవారైరని అది 81 మంది జీవితములను పరిశీలించి చెప్పినది. అనగా మనము కొడుకుతో నేడు మాటలాడు తీరు, ఇంకను మనకు తెలియని యొక కోడలి కాపురమున పలుకును.

ఇక్కడ పెద్దలొక ఆక్షేపణ చేయుదురు. “మా తండ్రులు మమ్ము కొట్టలేదా? కనులెఱ్ఱ చేయలేదా? మేము బాగుపడలేదా?” ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. మొదటి సంగతి: ఈ లెక్కలు గుంపులను గూర్చినవి, ఒక్కొక్కని నుదుటి వ్రాతను గూర్చినవి కావు. పుట్టుకతో వచ్చు స్వభావము, బీదతనము, ఊరు, బడి, మిత్రులు, అన్నియు మనిషిని మలచును. మొండిబిడ్డ తండ్రిని కఠినుని చేయుట కూడ కలదు. నడివయసున చెప్పిన బాల్యస్మృతి నేటి మనఃస్థితిచే రంగు మారవచ్చును. రెండవ సంగతి: కాఠిన్యమునకు అన్ని దేశములలో ఒకే అర్థము లేదు. 1994లో రూత్ చావ్ అను పరిశోధకురాలు అమెరికాలోని చీనీ తల్లులను పరిశీలించి, వారి కట్టడి అమెరికనుల కట్టడి వంటిది కాదనియు, బిడ్డకు నేర్పుటయే తమ ప్రేమయని తల్లులు భావింతురనియు వాదించెను. మన తండ్రులలోను అట్టివారు పెక్కుమంది. దండించిన రాత్రియే నిద్రించు బిడ్డ కాళ్లకు నూనె రాచిన తండ్రిని మీలో చాలమంది యెఱుగుదురు. బిడ్డ ఆ నూనెను కూడ ఎఱిగియుండినచో దెబ్బ అంతగా లోతుకు దిగదు.

కాని బాగుపడితిమనువారిని నేనొకటి యడుగుదును. ఉద్యోగము, ఇల్లు, పరువు, ఇవి బాగుపడినవి, నిజమే. మీరు మీ తండ్రితో ఫోనున ఎంతసేపు మాటలాడుదురు? మన పల్లెలలో సాయంకాలము ఫోను మ్రోగును. తండ్రి యెత్తును. “బాపూ, మంచిగున్నవా? అమ్మకియ్యి” అని కొడుకు గొంతు. పిమ్మట అరగంట తల్లితో ముచ్చట. తండ్రి ప్రక్క మంచముపై కూర్చుండి, కోడలి కాన్పు, మనుమని జ్వరము, ఆఫీసు గొడవలు అన్నియు ఆమె సమాధానములనుబట్టి ఊహించుకొనుచుండును. కొడుకునకు తండ్రిపై గౌరవము లేదా? నిండుగా నున్నది. మాటలాడు అలవాటు మాత్రమే లేదు. పదునాఱవ యేట పడవలసిన ఆ అలవాటు నలువదవ యేట పడదు. తండ్రి డెబ్బదవ యేట దాని ఖరీదు చెల్లించును.

మనము విడిచిన మూడవ మాట ఖరీదు కొన్నిసార్లు ఇంతకన్న మిక్కుటము కావచ్చును. 2019 ఏప్రిలు 18న తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడినవి. పరీక్ష వ్రాసినవారు 9 లక్షలకు పైబడిరి. తరువాతి కొలది దినములలోనే ఇరువది మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఫలితముల తయారీలో తప్పులు దొరలినవి. ఒక బాలికకు తెలుగున సున్న వచ్చినట్లు చూపి, పునఃపరిశీలనమున 99 ఇచ్చిరి. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘమును వేసి, తప్పినవారి పత్రములన్నియు రుసుము లేకుండ మఱల చూపించినది. ఆ మరణములకు తలిదండ్రులను బాధ్యులను చేయుట అన్యాయము, క్రూరము. అట్టి చావునకు కారణ మెప్పుడును ఒక్కటి కాదు. అయినను బ్రతికియున్న బిడ్డల తలిదండ్రులమైన మనము ఒకటి తెలిసికొనవలెను: అంకె తప్పు కావచ్చును. ఆ అంకె వచ్చిన గడియలో ఇంటిలోని వారి మాట ఎట్లుండునో బిడ్డకు ముందే తెలిసియుండవలెను.

కఠోపనిషత్తును చదువునప్పుడు పండితులందఱు నచికేతుని మూడవ వరముపై దృష్టి నిలుపుదురు. మరణానంతరమున ఆత్మ యేమగునను ప్రశ్న యది. నాకు మాత్రము మొదటి వరమే యెక్కువగా తోచును. తండ్రి యజ్ఞమున పనికిరాని ముసలి గోవులను దాన మిచ్చుచుండగా చూచిన బాలుడు, నన్నెవరి కిత్తువని యడిగెను. రెండవమాఱు అడిగెను, మూడవమాఱు అడిగెను. తండ్రి విసిగి, నిన్ను మృత్యువున కిచ్చితిననెను. ఇట్టి మాట మన యిండ్లలో వినబడనిది కాదు. “నీకు సావన్న రాదు” అనుట ఇక్కడి తల్లుల నోట ఊతపదము. పెద్దలకు అది గాలి. బాలుడు ఆ మాటను మాటగానే తీసికొని యముని వాకిటికి పోయి మూడు రాత్రులు పస్తుండెను. యముడు మూడు వరములు కోరుకొమ్మనెను. స్వర్గమును, జ్ఞానమును కోరుటకు ముందు ఆ బిడ్డ కోరినదేమి? నా తండ్రి మనసు నెమ్మదించుగాక, నాపై కోపము విడుచుగాక, నేను తిరిగి పోయినపుడు నన్ను గుర్తించి పలుకరించుగాక, అని. యముడు వరమిచ్చుచు, నీ తండ్రి ఇక రాత్రులు సుఖముగా నిద్రించునని కూడ చేర్చెను. తప్పు తండ్రిది, బ్రహ్మవిద్య నడుగగల బుద్ధి కొడుకుది, అయినను వాని మొదటి కోరిక తండ్రి ముఖముపై ప్రసన్నత. మీ యింట తలుపు వేసికొని కూర్చుండు పదునాఱేండ్ల బిడ్డ కోరికయు ఇదియే. వాడది నోట చెప్పడు.

ఆడుబిడ్డల సంగతి వేఱుగ చెప్పవలసియున్నది. శ్లోకము పుత్రుడనినది, మనము పుత్రికయని కూడ చదువుకొనవలెను. కొడుకునకు పదునాఱవ యేట కొంత స్వేచ్ఛ లభించునేమో గాని, కూతునకు ఉన్న స్వేచ్ఛ ఆ యేటనే హరించును. బస్సు పది నిమిషములు ఆలస్యమైనచో సంజాయిషీ. ఫోనులో నవ్వినచో ఎవరని. ఇంటర్ చాలు, పైచదు వెందులకని. పెండ్లికి ఆడుబిడ్డకు 18 ఏండ్లు నిండవలెనని 2006 సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. ఆ పదునెనిమిది నిండువఱకు కావలి కాచుటయే తమ ధర్మమని కొందఱు తండ్రులు తలంతురు. తన మాట కెన్నడును విలువ లేని యింట పెరిగిన పిల్ల, అత్తయింట తనకు జరుగు అన్యాయమును ఏ గొంతుతో చెప్పగలదు? నోరు మూయుట పుట్టింట నేర్పి, కష్టము వచ్చినపుడు “మాకెందుకు చెప్పలేదమ్మా” యనుట తగునా?

ఇక చేయవలసిన దేమి? కట్టుబాట్లను తొలగింపుమని నేననను. ధృతరాష్ట్రుని మార్గము వలదు. మన తెలుగునాట చలము ‘బిడ్డల శిక్షణ’ యను గ్రంథమున కొట్టుటను భయపెట్టుటను తీవ్రముగా ఖండించెను. గుజరాతున గిజుభాయి 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పి బిడ్డలను గౌరవించుట యెట్లో చేసి చూపెను. వారివలె అందఱము చేయలేకపోవచ్చును. కొన్ని చిన్న పనులు ఎవరైనను చేయవచ్చును. నియమమును పెట్టునపుడు కారణమును కూడ చెప్పుడు. చెప్పుటకు కారణము దొరకనిచో నియమమునే మఱల ఆలోచింపుడు. బిడ్డ కాదన్నచో ఆ కాదనుటను చివరివఱకు వినుడు. విన్నంతమాత్రమున ఒప్పుకొన్నట్లు కాదు. పదవ తరగతి ముగిసిన యేట ఇంటి పనులలో ఒకదానిని పూర్తిగా వాని కప్పగింపుడు: కరెంటు బిల్లో, బ్యాంకు పనియో, ఎరువుల కొనుగోలో. తప్పు చేసినచో నష్టము ఇంటిదని ఓర్చుకొనుడు. ఏ గ్రూపు చదువవలెనను నిర్ణయమున వాని మాట మొదట, మీ మాట పిదప రానిండు. కోపమున ఒక మాట జారినచో, మఱునా డుదయమున దానిని మీరే వెనుకకు తీసికొనుడు. తండ్రి గౌరవము దానివలన తఱుగదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఫలితములు వెలువడుటకు ముందటి దినమున, ఎంత వచ్చినను ఇంటిలో నీ స్థానము మారదని నోటితో చెప్పుడు. వానికి తెలియదా యని ఊరకుండవలదు. బిడ్డ నిద్ర, తిండి, మాట చెడినట్లు తోచినచో, లేదా బ్రతుకుపై విరక్తి గల మాటలు వినబడినచో, మనసు వైద్యునకు చూపుట జ్వరమునకు చూపుట వంటిదే. కేంద్రప్రభుత్వము 2022లో ఏర్పఱచిన టెలీమానస్ సహాయమునకు 14416 సంఖ్యకు రుసుము లేకుండ ఎప్పుడైనను ఫోను చేయవచ్చును, తెలుగునను మాటలాడుదురు. 2025 జూలై 25న సర్వోన్నత న్యాయస్థానము, విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు సిద్ధపడుచు మరణించిన యొక బాలిక వ్యవహారమున తీర్పు చెప్పుచు, విద్యార్థుల మానసికారోగ్యమునకై 15 మార్గదర్శక సూత్రములను దేశమంతటికి విధించెను. మార్కులనుబట్టి పిల్లలను వేఱుచేయుట, నలుగురిలో అవమానించుట కూడదనియు, తలిదండ్రులకును అవగాహన కల్పింపవలెననియు అందున్నది. న్యాయస్థానము కళాశాలను శాసింపగలదు. భోజనపు పీటల దగ్గఱకు అది రాలేదు.

తలిదండ్రులు లేనివారు, ఉండియు ఉపేక్షించినవారి బిడ్డలు ఏమి కావలెనని యడుగుదురా? హవాయి ద్వీపములలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ అను పరిశోధకురాలు నలువదేండ్ల వయసు వఱకు గమనించినది. వారిలో మూడవవంతు మంది బీదతనము, ఇంటి కలహములు మొదలగు కష్టముల నడుమ పుట్టినవారు. వారిలో మూడింట నొకరు చక్కని మనుష్యులైరి. అట్టివారిలో తఱచుగా కనబడిన సంగతి యొకటి: తమ్ము నమ్మిన పెద్దదిక్కు ఒక్కరైన నుండుట, అవ్వయో, మేనమామయో, పంతులో. కావున అమ్మమ్మలకును, మేనమామలకును, బడిపంతుళ్లకును ఈ శ్లోకమున పాలు కలదు.

చదువరులారా, మీ యింటిలో పదునైదేండ్లు నిండుచున్న బిడ్డ యుండినచో ఈ సాయంకాలమే మార్కుల ప్రసక్తి లేని ప్రశ్న యొకటి యడిగి చూడుడు. జవాబు వెంటనే రాకపోవచ్చును. “ఏం లేదు” అని లేచిపోవచ్చును. రేపును అడుగుడు. జవాబు వచ్చిననాడు మధ్యలో అడ్డు తగులకుడు. శ్లోకములోని మొదటి రెండు మాటలు మన పెద్దలు మనకు చేసి చూపినవి. మూడవదానిని మనలో పెక్కుమందికి ఎవరును చేసి చూపలేదు. దానిని మనమే మొదలిడవలసియున్నది.